మార్మొలాడా 1916: కెప్టెన్ ఉత్తరం రాసినా బారక్‌లు ఎందుకు కదల్లేదు?

విభాగం: యుద్ధ చరిత్ర › మొదటి ప్రపంచయుద్ధం

పాతయుద్ధాలు (చర్చ మొదలుపెట్టినవారు)
మొదటి ప్రపంచయుద్ధం అనగానే మనవాళ్ళంతా ఫ్రాన్స్ కందకాల దగ్గరే ఆగిపోతారు. ఇటలీ, ఆస్ట్రియా-హంగరీ మధ్య ఆల్ప్స్ కొండల మీద జరిగిన యుద్ధం గురించి తెలుగులో రాసినవాళ్ళు తక్కువ. 1915 మేలో ఇటలీ యుద్ధంలోకి దిగాక, 3,000 మీటర్ల పైన కూడా కాపలా పోస్టులు, ఫిరంగులు, తీగల మీద నడిచే సరుకుల తొట్లు వెలిశాయి. అక్కడ చలికాలం గడపడమే ఒక యుద్ధం.

నేను మాట్లాడదామనుకుంటున్నది ఒక్క ఘటన గురించి. డోలమైట్ కొండల్లో ఎత్తైనది మార్మొలాడా (3,343 మీటర్లు). దాని ఉత్తరం వైపు గ్రాన్ పోజ్ అనే చోట 1916 ఆగస్టులో ఆస్ట్రియా సైన్యం చెక్క బారక్‌లు (జవాన్ల బసలు) కట్టింది. చోటు బాగా ఆలోచించి ఎంచుకున్నదే. నిట్రమైన రాతిగోడ అడ్డం ఉండటం వల్ల ఇటాలియన్ల గుళ్ళు నేరుగా తగలవు. కానీ పైన శిఖరం వాలు మీద పేరుకునే మంచంతా జారితే వచ్చేది సరిగ్గా ఆ దారినే.

అక్కడి కమాండర్ కెప్టెన్ రుడాల్ఫ్ ష్మిడ్‌కు ఈ సంగతి అర్థమైంది. బారక్‌లను వేరే చోటికి మార్చమని పైకి రాశాడు. డివిజన్ కమాండర్ లుడ్విగ్ గోయిగింగర్ ఒప్పుకోలేదు. డిసెంబర్‌లో ఎడతెరిపి లేకుండా ఎనిమిది రోజులు మంచు కురిసింది. టెలిఫోన్ తీగలు తెగాయి, సరుకులు రావడం ఆగిపోయింది. డిసెంబర్ 13న తెల్లవారుజామున అయిదున్నర ప్రాంతంలో, జవాన్లు ఇంకా నిద్రలో ఉండగా, దాదాపు 2 లక్షల టన్నుల మంచూ రాయీ కలిసి వాళ్ళ మీద పడింది. ఆ దారిలో ఉన్నది 229 మంది కైజర్‌షుట్జెన్ (ఆస్ట్రియా కొండ యుద్ధ దళం) వాళ్ళు, సామాన్లు మోసే బోస్నియన్ దళంవాళ్ళు 102 మంది. 270 మంది దాకా పోయారు. అప్పట్లో బయటికి తీయగలిగినవి 40 శవాలే. ష్మిడ్ మాత్రం చిన్న గాయాలతో బతికాడు.

నా ప్రశ్న: దీన్ని ప్రకృతి వైపరీత్యం అనాలా, పై అధికారి తప్పు అనాలా?

ఓరుగల్లు_పోరడు
అన్నా, ఇండ్ల ప్రశ్నేముంది? కింద ఉన్నోడు రాసిండు, పైనున్నోడు ఇన్లే. మనకాడ ఆఫీసులల్ల రోజు జరిగేదే. కాకపోతే ఈడ 270 పానాలు పోయినయ్.

ఇంకో డౌటున్నది. దీన్ని ‘తెల్ల శుక్రవారం’ అంటరు, ఆ ఒక్క దినమే పదివేల మంది సచ్చిండ్రని ఒక వీడియోల సూసిన. నిజమేనా? ఫిరంగులు పేల్చి కావాల్ననే ఒకల మీద ఒకలు మంచు కూలగొట్టుకున్నరని కూడ చెప్పిండు ఆయన.

పాతయుద్ధాలు
@ఓరుగల్లు_పోరడు, ముందుగా వారం పేరు సంగతి. 1916 డిసెంబర్ 13 బుధవారం. శుక్రవారం అన్న పేరు ఎలాగో అతుక్కుపోయింది. వీడియోలవాళ్ళు పంచాంగం చూడరు కదా.

పదివేల లెక్క కూడా అంతే. ఆ డిసెంబర్‌లో ఆ సరిహద్దు పొడుగునా రెండు వైపులా అవలాంచ్‌లకు (కొండ మీది మంచు జారిపడటం) పోయినవాళ్ళు 2,000 అని ఒకరు, 10,000 అని ఇంకొకరు అంచనా వేశారు. రెండింటికీ మధ్య ఎంత తేడా ఉందో చూడండి. అందులో పై అంకెను తీసుకొచ్చి ఒక్క ఉదయానికి అంటగట్టేస్తారు. మార్మొలాడాలో పోయింది 270 మంది. అది చాలదన్నట్టు అంకెలు పెంచడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఫిజిక్స్_మేష్టారు
ఫిరంగి శబ్దం గురించి నేను చెబుతాను. బళ్ళో పిల్లలు కూడా ఏటా ఇదే అడుగుతారు.

కొండ మీద మంచు ఒకే ముద్దగా ఉండదు. ఒక్కో తుపానుకు ఒక్కో పొర పడుతుంది. కింద ఎక్కడో ఒక పొర పట్టు లేకుండా పంచదార పలుకుల్లా ఉంటుంది. దాని మీద కొత్త మంచు బరువు పెరుగుతూ పోతే ఆ బలహీనపు పొర ఒక్కచోట విరుగుతుంది. ఆ విరుపు క్షణాల్లో వాలంతా పాకి, పైనున్న పలక మొత్తం జారిపోతుంది. వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నచోట ఇది ఎక్కువ. మరీ నిట్రంగా ఉంటే మంచు నిలవనే నిలవదు, ఎప్పటికప్పుడు కొద్దికొద్దిగా రాలిపోతుంది.

మనిషి కేకకు గాని, దూరాన పేలిన తుపాకీకి గాని ఆ పొరను విరిచేంత ఒత్తిడి ఉండదు. సినిమాలో హీరో అరిస్తే కొండ కూలడం వట్టిదే. కానీ గుండు వచ్చి మంచులోనే పేలితే సంగతి వేరు. ఆ దెబ్బ పొరకు నేరుగా తగులుతుంది. అందుకే రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో యూటా రాష్ట్రం ఆల్టా అనే చోట స్కీయింగ్ వాలుల మీద హోవిట్జర్ ఫిరంగులతో కాల్చి, జనం లేనప్పుడే మంచును పడగొట్టడం మొదలుపెట్టారు. ఆ పని చేపట్టిన మాంట్‌గోమరీ ఆట్‌వాటర్ అమెరికా 10వ మౌంటెన్ డివిజన్‌లో పనిచేసి వచ్చినవాడే.

కాబట్టి ఆల్ప్స్‌లో శత్రువు తల మీది మంచును గుళ్ళతో కూల్చడం సాధ్యమే. ఆ రోజుల్లో రెండు పక్షాలూ చేశాయని చెప్పుకుంటారు. డిసెంబర్ 13కు మాత్రం ఫిరంగి అక్కర్లేదు. వారం పైగా కురిసిన మంచు మీదికి మధ్యధరా వైపు నుంచి వెచ్చని తేమగాలి వచ్చి పడింది. చలి తగ్గి మంచు తడిసింది, బరువెక్కింది. ఒకే రోజున అన్ని లోయల్లో వాలులు కూలడానికి అదే కారణం. ఎంత పెద్ద సైన్యమైనా అన్ని చోట్ల గురి చూసి కాల్చలేదు.

రిటైర్డ్_హవల్దార్
మేష్టారు గారు చెప్పింది సరే గాని, గ్లేసియర్ (మంచునది) మీద మాకు మొదట నేర్పేది నోరు మూసుకుని నడవమనే. శబ్దానికి పడదని ఇవాళ మీరు చెబితే తెలిసింది. అయినా పద్దెనిమిది వేల అడుగుల మీద అరవడానికి ఊపిరెక్కడిది లెండి.

నేను సియాచిన్‌లో చేశాను. ఏ పోస్టు, ఏ సంవత్సరం అని అడగొద్దు. మాకు ట్రైనింగ్ బేస్ క్యాంపు దగ్గరి బాటిల్ స్కూల్లో. మంచుగోడ ఎక్కడం, పగులులో పడ్డవాణ్ణి లాగడం, తాడు కట్టుకుని నడవడం అన్నీ అక్కడే. మెట్టుమెట్టుకూ ఆగి ఒంటిని ఎత్తుకు అలవాటు చేసుకుంటేనే పైకి పంపుతారు. నడక చాలావరకు రాత్రిపూటే. ఎండ తగిలితే మంచు మెత్తబడుతుంది, పగుళ్ళ మీది కప్పు కూలుతుంది. పైగా ఎదుటివాడి కంట పడతాం. అనుమానం ఉన్న వాలు వస్తే ఒక్కొక్కరే దాటాలి. ఒకడు అవతల చేరి చెయ్యి ఊపాకే రెండోవాడు కదలాలి. పోతే ఒక్కడే పోవాలి, మిగతావాళ్ళు తవ్వడానికి ఉండాలి.

నడుముకు ఎర్రతాడు కట్టి వెనక వదిలేస్తాం. మనిషి మునిగినా తేలికైన తాడు పైకి తేలుతుందని. తర్వాత తర్వాత ఒంటి మీద పెట్టుకునే బీకన్లు వచ్చాయి. పక్కవాడి దగ్గరున్నది దాని సిగ్నల్ పట్టుకుని చోటు చూపిస్తుంది. బీకన్ ఉన్నా పార మన చేతిలోనే ఉండాలి. ఎవరో వచ్చి తవ్వుతారని కూర్చుంటే అయిపోయినట్టే.

పోస్టులో అందరి ముఖాలూ నల్లగా ఉంటాయి. కిరసనాయిలు బుఖారీ (చలి కాచుకునే పొయ్యి) పొగ. ఉమ్మితే నలుపే. మంచు కరిగించి నీళ్ళు కాచుకోవాలన్నా ఆ కిరసనాయిలే దిక్కు.

ఫిజిక్స్_మేష్టారు
హవల్దార్ గారూ, “తవ్వడానికి ఉండాలి” అన్నది అక్షరాలా నిజం. మంచు కింద పడినవాణ్ణి మొదటి పావుగంటలో తీస్తే నూటికి తొంభై మంది దాకా బతుకుతారు. అరగంట దాటేసరికి ఆ లెక్క ముప్పై దగ్గరికి పడిపోతుంది. చలి కంటే ముందు ఊపిరాడకపోవడమే చంపుతుంది. జారుతున్నంతసేపూ నీళ్ళలా పారే మంచు, ఆగిన మరుక్షణం గట్టిపడి చెయ్యి కూడా కదలనివ్వదు.

నంద్యాల_నాగు
ఆ లెక్కన హనుమంతప్ప ఆరు దినాలు ఎట్ల బతికినాడు సార్?

2016 ఫిబ్రవరి 3న సోనం పోస్టు మీద మంచుగోడ ఇరిగి పడింది. 19,600 అడుగుల ఎత్తు. 19 మద్రాస్ పటాలం వాళ్ళు పదిమంది ఉండిరి దాంట్లో. కర్ణాటక, తమిళనాడు, కేరళ, మహారాష్ట్ర వాళ్ళు, మా కర్నూలు జిల్లా పిల్లోడు ఒగడు. ఆ వారమంతా మా పక్క టీ కొట్లకాడ ఇదే మాట. బతికే ఆశ లేదని ముందే చెప్పేసినారు టీవీలో. మళ్ళ ఒగడు బతికినాడు అనేతలికి ప్రతి ఇంట్లో ‘మనోడే అయ్యుంటే బాగుండు’ అనుకున్యారు. తీరా చూస్తే ఆయన ధార్వాడ జిల్లా లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్. మాకు ఎంత బాధయినా, ఆయన కోసం మసీదులోనూ గుడిలోనూ మొక్కుకున్యారు జనం. 11వ తేదీ ఢిల్లీ ఆస్పత్రిలో ఆయన కూడా పోయినాడు.

ఫిజిక్స్_మేష్టారు
గుడారం పూర్తిగా నలగకుండా ఆయన చుట్టూ కొంత గాలి మిగిలిందని అప్పట్లో చెప్పారు. ముక్కు దగ్గర గాలి ఉంటే లెక్క మారిపోతుంది. అలాంటివాళ్ళు ఎక్కడో ఒకరు.

రిటైర్డ్_హవల్దార్
నాగు, ఆ వెతుకులాట గురించి ఒక మాట. దాదాపు ముప్పై అడుగుల కింద ఉన్నారు. అది మెత్తని మంచు కాదు, రాయిలాంటి నీలిమంచు. రాళ్ళను కోసే డ్రిల్లులతో కోశారు. డాట్, మిషా అని రెండు కుక్కలు వాసన పట్టాయి. ఆ ఎత్తులో పది పారలు ఎత్తి వేస్తే కూర్చుని ఊపిరి తీసుకోవాలి, అలాంటిది రోజుల తరబడి తవ్వారు. ఆ తవ్వినవాళ్ళ పేర్లు ఎవరూ చెప్పుకోరు.

ట్రెంటో_తెలుగమ్మాయి
నమస్తే అందరికీ. నేను ఇటలీలో ట్రెంటోలో ఉంటాను, మీరు మాట్లాడే కొండలు మాకు వారాంతపు నడకలు. అసలు ప్రశ్నకు వస్తాను.

గోయిగింగర్‌ను విలన్‌ని చేయడం తేలికే. అతని వైపు నుంచి చూస్తే బారక్‌లను అక్కణ్ణుంచి తీసి బయట పెడితే ఇటాలియన్ గుళ్ళు పడతాయి. గుళ్ళకు రోజూ మనుషులు పోతున్నారు, మంచు పడుతుందో లేదో తెలియదు. రోజూ కనిపించే చావు నుంచి కాపాడాననుకుని ఉంటాడు.

ఇంకొకటి, బారక్‌లు కట్టింది ఆగస్టులో. ఆగస్టులో గ్రాన్ పోజ్ దగ్గర నిలబడి పైకి చూస్తే కనబడేది ఎక్కువగా రాయీ, పైన మంచునదీ. ఫెడాయా సరస్సు వైపు నుంచి నేనూ వేసవిలోనే చూశాను. చక్కగా నీడపట్టున ఇల్లు కట్టుకుందామనిపించే చోటు.

పాతయుద్ధాలు
ఆగస్టు వాదన నేను ఒప్పుకోను. 1915-16 చలికాలం వాళ్ళు ఆ కొండల్లోనే గడిపారు. మంచు ఏం చేస్తుందో అప్పటికే చూశారు. పైగా కైజర్‌షుట్జెన్ అంటే కొండ యుద్ధం కోసమే తయారైన దళం. వాళ్ళలో టిరోల్ కొండల్లో పుట్టి పెరిగినవాళ్ళు చాలామంది. ఏ వాలు జారుతుందో ఏ వాలు నిలుస్తుందో ఊళ్ళో ముసలివాళ్ళు చెప్పగా విన్నవాళ్ళు. ష్మిడ్ ఉత్తరం భయంతో రాసింది కాదు, తెలిసి రాసింది. తెలిసినవాడి మాట మ్యాపు చూసేవాడి దగ్గర చెల్లలేదు.

ట్రెంటో_తెలుగమ్మాయి
ఆ మాట నిజమే. అయితే డిసెంబర్ రెండో వారానికి ఎవరు చెప్పినా చేయగలిగింది లేదు. అంత మంచులో మూడు వందల మందిని బయటికి నడిపిస్తే దారిలోనే పోయేవాళ్ళు. నిర్ణయం తీసుకోవాల్సింది అక్టోబర్ లోపల.

ఈ కొండ మీదే ఇంకో దారి కూడా వెతికారు. లియో హాండ్ల్ అనే ఆస్ట్రియన్ ఇంజనీరు మంచునది లోపలే సొరంగాలు తవ్వించాడు. మొత్తం కలిపితే 12 కిలోమీటర్లు. పడుకునే గదులు, వంటిల్లు, చిన్న ప్రార్థనా మందిరం కూడా మంచులోనే. బయట ఎంత చలి ఉన్నా లోపల సున్నా దగ్గర నిలిచేది. గుండు తగలదు, పై మంచు జారినా కిందివాడికి ఏమీ కాదు. ‘మంచు నగరం’ అని పిలిచేవాళ్ళు. ఆ నగరం ఇప్పుడు లేదు, మంచునదితో పాటే కరిగిపోయింది. కొండ పైన సెరౌటా అనే కేబుల్ కార్ స్టేషన్ దగ్గర మ్యూజియం ఉంది, అక్కడ ఆ సామాన్లు చూడొచ్చు.

ఓరుగల్లు_పోరడు
అక్కా, గట్ల సొరంగంల ఉన్నోళ్ళు బతికిన్రు, చెక్క ఇండ్లల్ల ఉన్నోళ్ళు సచ్చిన్రు. అంటే ఉపాయం వాళ్ళ చేతులనే ఉండె. గది ఇంకా కోపం తెప్పిస్తున్నది.

సియాచిన్ల గూడ గంతే గదా. గంత పైన గడ్డి గూడ మొలవని జాగ కోసం మన పోరగాండ్లను ఎందుకు కూసోబెట్టాలె? రెండు దేశాలు ఒప్పందం రాసుకొని కిందికి దిగొచ్చు గదా?

రిటైర్డ్_హవల్దార్
తమ్ముడూ, ఆ మాట అక్కడ కూర్చున్న ప్రతివాడూ ఒక్కసారైనా అనుకుంటాడు. 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌లో మనవాళ్ళు ఎక్కింది ఎదుటివాడు ఎక్కబోతున్నాడనే. సియాచిన్ పక్కనున్న సాల్టోరో గుట్ట ఎవడి చేతిలో ఉంటే వాడు కిందివాణ్ణి చూస్తుంటాడు. దిగినవాడు మళ్ళీ ఎక్కాలంటే తల మీద కాల్పులు తింటూ ఎక్కాలి. కార్గిల్లో ఏమైంది? చలికాలం ఖాళీ చేసే పోస్టుల్లో వాళ్ళు వచ్చి కూర్చున్నారు. 1999లో వాటిని తిరిగి తీసుకోవడానికి ఎంతమంది పోయారో అందరికీ తెలుసు. 2003 నవంబర్ నుంచి గ్లేసియర్ మీద కాల్పులు లేవు, నిజమే. అక్కడ మొదటి నుంచీ తూటాకంటే మంచుకూ చలికీ గాలి చాలకా పోయినవాళ్ళే ఎక్కువ, అదీ నిజమే. రెండు నిజాలూ పక్కపక్కనే ఉంటాయి, ఒకదాంతో రెండోది కొట్టేయలేం.

పాతయుద్ధాలు
కిందికి దిగితే చాలు అనుకోవడానికీ లేదు. సియాచిన్‌కు పాకిస్తాన్ వైపున్న గయారీ చూడండి. 2012 ఏప్రిల్ 7 తెల్లవారకముందే పాకిస్తాన్ సైన్యం 6వ నార్దర్న్ లైట్ ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ హెడ్‌క్వార్టర్స్ మీద అవలాంచ్ పడింది. 140 మంది పోయారు, వాళ్ళలో 129 మంది సైనికులు, 11 మంది పౌరులు. అది శిఖరం మీది పోస్టు కాదు. లోయలో, దాదాపు 4,000 మీటర్ల ఎత్తులో, ఏళ్ళ తరబడి ఏమీ కాని చోటు. పైకెళ్ళే జవాన్లకు అదే క్షేమమైన మజిలీ. చదరపు కిలోమీటరు మేర మంచూ రాళ్ళూ కప్పేశాయి. తవ్వీ తవ్వీ మే నెలాఖరులో మిగిలిన అందరూ చనిపోయినట్టే అని ప్రకటించారు. ఆ ఘటన తర్వాత వాళ్ళ సైన్యాధిపతి కయానీయే సియాచిన్ నుంచి సైన్యాలు వెనక్కి రావాలన్న మాట ఎత్తాడు. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

నంద్యాల_నాగు
మన పక్కన గూడ ఆగలేదు అన్నా. 2017 జనవరిలో కాశ్మీర్ గురేజ్, 2019 నవంబర్‌లో మళ్ళా సియాచిన్ (నలుగురు జవాన్లు, ఇద్దరు కూలీలు), 2022 ఫిబ్రవరిలో అరుణాచల్ కామెంగ్ పక్క ఏడు మంది. కూలీలను ఎవురూ లెక్కలో ఏసుకోరు గాని మోసేది వాళ్ళే. మార్మొలాడాలో బోస్నియా వాళ్ళ మాదిరి.

మోడరేటర్
సియాచిన్ నుంచి దిగాలా వద్దా అన్నదాని మీద వచ్చిన మిగతా పోస్టులను (కొన్నింటి భాష బాగాలేదు) ‘దేశ రక్షణ’ విభాగంలోకి మార్చాను. ఇక్కడ మంచు, యుద్ధం వరకే ఉంచండి.

ట్రెంటో_తెలుగమ్మాయి
మంచు కరుగుతున్నకొద్దీ ఆ యుద్ధం మా దగ్గర బయటపడుతూనే ఉంది. 2004లో సాన్ మత్తేయో శిఖరం దగ్గర ముగ్గురు ఆస్ట్రియన్ సైనికుల శవాలు, 2012లో ప్రెసేనా మంచునది మీద ఇంకో ఇద్దరివి దొరికాయి. పేయో ఊరి పైన పుంటా లింకే అని 3,600 మీటర్ల ఎత్తులో ఒక చోటుంది. సరుకుల తీగమార్గం స్టేషన్ ఇంజనుతో సహా మంచులో ఉండిపోయింది. పురావస్తు శాఖవాళ్ళు వేడిగాలితో కరిగిస్తూ బయటికి తీశారు. నాకు అక్కడ కాళ్ళు కదలనిది గడ్డి బూట్ల దగ్గర. కాపలావాళ్ళు తోలు బూట్ల మీద తొడుక్కునేందుకు ఎండుగడ్డి జడల్లా అల్లి చేసినవి, మన గంపంత ఉన్నాయి ఒక్కొక్కటి. వాటితో నడవడం కుదరదు, నిలబడి కాపలా కాయడానికే. ఒకదాని మడమ దగ్గర అల్లిక ఊడితే ఎవరో సన్నతీగతో బిగించి కట్టారు.

మార్మొలాడా మీద ఇప్పుడు భయం వేరు. 2022 జూలై 3న ఎండకు మంచునది ముక్క విరిగిపడి 11 మంది పర్వతారోహకులు పోయారు.

ఓరుగల్లు_పోరడు
హవల్దార్ సాబ్, ఆఖరి డౌటు. ఇప్పుడు ష్మిడ్ లెక్క ఒక పోస్ట్ కమాండర్ “ఈ జాగ మంచిగ లేదు” అని రాస్తె ఇంటరా?

రిటైర్డ్_హవల్దార్
అప్పటికీ ఇప్పటికీ తేడా ఉంది. మంచు మీద పనిచేయడానికే 1969లో మనాలీలో డీఆర్‌డీఓ కింద ‘సాసే’ అని ఒక సంస్థ పెట్టారు. 2020లో దాన్ని ఇంకో ల్యాబ్‌తో కలిపి చండీగఢ్‌లో డీజీఆర్‌ఈ చేశారు. ఏ సెక్టార్‌లో ఎంత ప్రమాదమో వాళ్ళు హెచ్చరిక పంపుతారు. వైర్‌లెస్ సెట్ మీద అది రాగానే మూవ్‌మెంట్ బంద్. గస్తీ ఆగుతుంది, సరుకులు ఆగుతాయి, సెలవు మంజూరైనవాడు కూడా బ్యాగు సర్దుకుని కూర్చోవాల్సిందే. మాకు కూడా ‘ఈ దారి వద్దు, చుట్టు తిరిగి రండి’ అని చాలాసార్లు వచ్చింది. చిన్న ఆఫీసర్ చెప్పినా పైవాళ్ళు విన్నది నేనే చూశాను.

కానీ అది నడక ఆపడం వరకు. పోస్టునే పక్కకి జరపాలంటే లెక్క వేరు. ఆ గుట్ట మీద నుంచే ఎదుటివాడు కనబడతాడు, పక్క గుట్ట మీద నుంచి కనబడడు. అప్పుడు కమాండర్ చేయగలిగింది గుడారాలను వాలు కింద నుంచి తీసి అంచుకు జరపడం, పెద్ద మంచు పడ్డ రాత్రి అందరినీ ఒకే చోట పడుకోనివ్వకపోవడం, బయట ఒకణ్ణి మేలుకొని ఉంచడం. మా పోస్టులో ఆ డ్యూటీ గంటకొకడు మారేవాళ్ళం. టెంటు మీద మంచు దులపడం కూడా వాడి పనే.

ఓరుగల్లు_పోరడు
సమజైంది సాబ్. అక్కా, ఆ గడ్డి బూట్ల ఫోటో ఉంటె పెట్టరాదు.

ట్రెంటో_తెలుగమ్మాయి
లోపల ఫ్లాష్ వాడకూడదు కాబట్టి మసగ్గా వచ్చింది తమ్ముడూ. ఆదివారం వెతికి పెడతాను.